పాపకు కొన్న కొత్త కారు సీటు, పాతదానికంటే ఎందుకింత కష్టం?

ప్రశ్న: మాది అనంతపురం. మా ఆయనకు బెంగళూరులో ఉద్యోగం. పిల్లలతో నెలకు రెండు మూడుసార్లు కారులో వెళ్ళొస్తుంటాం. పెద్దవాడికి ఆరేళ్ళు. వాడు చిన్నప్పుడు వాడిన కారు సీటు తేలిగ్గా ఉండేది, ఏ కారులోనైనా బెల్టుతో కట్టేసేవాళ్ళం. తర్వాత దాన్ని కడపలో ఉన్న మా ఆడబిడ్డకు ఇచ్చేశాం. ఇప్పుడు పాపకు ఇరవై నెలలు. అదే కంపెనీ కదా అన్న నమ్మకంతో కొత్త మోడల్ కొన్నాం. అది చుట్టూ తిరుగుతుంది, కింద నేలకు ఆనే కాలు ఉంది, ధర పాతదానికి రెండింతలు. కొన్నప్పటి నుంచి తలనొప్పే. బకిల్ తీయాలంటే బొటనవేళ్ళు నొప్పి పుడుతున్నాయి, మా అత్తగారికైతే అస్సలు రాదు. పట్టీలు ఒకసారి బిగిస్తే వదులు కావు. సీటు ఊగుతోంది. వెడల్పు ఎక్కువై వెనక అత్తగారికి చోటు చాలడం లేదు. పాప వీపంతా చెమట, ఒకటే ఏడుపు, చేతులు పట్టీల్లోంచి బయటికి లాగేస్తుంది. ఊరికి వెళ్ళేటప్పుడు మామగారి పాత కారులో ఐసోఫిక్స్ లేదు కాబట్టి కారు బెల్టే చుట్టూ వేసి కడుతున్నాం. "మేమంతా ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెంచలేదా, దాన్ని తీసి పక్కన పెట్టు" అంటారు అత్తగారు. రిటర్న్ గడువు దాటిపోయింది. సర్దుకుపోవాలా, అమ్మేసి పాతరకం కొనుక్కోవాలా?
— ఒక తల్లి, అనంతపురం

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో మీరు మామూలుగా చెప్పి వదిలేసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. మామగారి కారులో కారు బెల్టే చుట్టూ వేసి కడుతున్నామన్నారు. బకిల్ సంగతీ చెమట సంగతీ తర్వాత చూద్దాం. ఇది మాత్రం ఈ రోజే ఆపేయండి.

చుట్టూ తిరిగే, కింద కాలున్న సీట్లు చాలావరకు ఐసోఫిక్స్‌కు తగిలించడానికి మాత్రమే తయారవుతాయి. ఐసోఫిక్స్ ఉన్న కారు వెనక సీటులో వీపు ఆనే భాగమూ కూర్చునే భాగమూ కలిసే సందులో, 28 సెంటీమీటర్ల ఎడంతో రెండు ఇనుప కడ్డీలు ఉంటాయి. అవి కారు బాడీకే బిగించి ఉంటాయి. పిల్లల సీటు అడుగున ఉన్న రెండు కొక్కేలు వాటిని పట్టుకుంటాయి. కారు ఒక్కసారిగా ఆగినప్పుడు సీటు ముందుకు ఒరిగిపోకుండా కింది కాలు ఆపుతుంది. అలాంటి సీటులో బెల్టు పోవడానికి దారే ఉండదు. దారి లేనిచోట బెల్టు చుడితే చేత్తో కదిపి చూసినప్పుడు గట్టిగానే ఉన్నట్టుంటుంది. గట్టిగా బ్రేకు పడితే మాత్రం బెల్టు జారిపోతుంది, సీటూ పాపా కలిసి ముందుకు వస్తారు. మీ పాత సీటును ఏ కారులోనైనా కట్టగలిగారంటే దానికి బెల్టు దారి ఉండబట్టే. పాప వెనక్కి తిరిగి కూర్చునేటప్పటి దారికి నీలం గుర్తులు, ముందుకు తిరిగి కూర్చునేటప్పటి దారికి ఎరుపు గుర్తులు పెడతారు. కొత్తదాన్ని తిప్పి చూడండి, మాన్యువల్ తీసి చూడండి. ఆ గుర్తులూ, బెల్టుతో బిగించే బొమ్మా ఎక్కడా లేకపోతే ఆ సీటు మామగారి కారుకు పనికిరాదు.

ఆ కారు కోసం నేనైతే కడపకు ఫోన్ చేస్తాను. మీ ఆడబిడ్డగారి పిల్లలకు ఆ పాత సీటు అవసరం తీరిపోయి ఉంటే అడిగి తెప్పించుకోండి. మీ చేతుల మీదుగా వాడిన సీటు కాబట్టి దాని చరిత్ర మీకు తెలుసు. అయినా మొహమాటపడకుండా ఒక్క విషయం అడగండి: అది ఉన్నప్పుడు కారుకు యాక్సిడెంట్ ఏమైనా అయిందా అని. అయి ఉంటే, పైకి పగులు కనబడకపోయినా దాన్ని వాడకూడదు. తయారైన తేదీ, ఎన్నేళ్ళు వాడొచ్చన్నది సీటు అడుగునో వెనకో అచ్చు వేసి ఉంటుంది. చాలా కంపెనీలు ఆరేళ్ళ నుంచి పదేళ్ళ మధ్య గడువు పెడతాయి. పట్టీల అంచులు పీచులు లేచాయేమో, నారింజ రంగు ప్రమాణపు చీటీ ఊడిపోయిందేమో కూడా చూడండి. గడువు తీరిపోయి ఉంటే, లేదా వాళ్ళకింకా అవసరముంటే, ఆ కారుకు బెల్టుతో బిగించే మామూలు సీటు ఒకటి కొనండి. తిరిగేదీ ఖరీదైనదీ అక్కర్లేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళు వాడేసిన సీటు మాత్రం వద్దు, దానికేమైందో చెప్పేవాళ్ళుండరు.

ఇక మీ కోపం సంగతి. అదే కంపెనీ, రెండింతల ధర, అయినా వాడటం కష్టం. మీరు చేతకాక ఇబ్బంది పడటం లేదు. మీ పెద్దవాడి సీటుకూ దీనికీ మధ్య ప్రమాణమే మారిపోయింది. పాత సీట్లు ఎక్కువగా ఐరోపా వాళ్ళ ఆర్44 ప్రకారం తయారయ్యేవి. మన దేశపు ఏఐఎస్-072 కూడా దాన్ని చూసి రాసుకున్నదే. అందులో లెక్కంతా పిల్లల బరువు మీద నడిచేది. 2013లో ఆర్129 వచ్చింది. డబ్బాల మీద ఐ-సైజ్ అని రాసేది దాని కిందే. ఇందులో లెక్క పిల్లల పొడవు మీద. పదిహేను నెలలు దాటేవరకు పిల్లలు వెనక్కి తిరిగే కూర్చోవాలన్నారు. పక్కనుంచి గుద్దుకునే పరీక్షను కొత్తగా చేర్చారు. ఆ పరీక్ష కోసమే తలకూ భుజాలకూ రెండు పక్కలా మెత్తలు లావెక్కాయి, సీటు వెడల్పు పెరిగింది. 2024 సెప్టెంబర్ నుంచి ఐరోపా దేశాల్లో పాత ప్రమాణపు సీట్లు కొత్తగా అమ్మడం ఆపేశారు, ఇంట్లో ఉన్నవి వాడుకోవడంలో తప్పేమీ లేదు. కాబట్టి కంపెనీలన్నీ అటే పోతున్నాయి. ఈ మార్పుల్లో ఎక్కువ భాగం పిల్లల మేలుకే. కానీ చుట్టూ తిరగడం అనేది భద్రత కోసం పెట్టింది కాదు, మన నడుము కోసం పెట్టింది. దానివల్లే సీటు ఎత్తూ బరువూ పెరిగి ఒక కారులోంచి ఇంకో కారులోకి మార్చడం కష్టమవుతుంది. రెండు కార్లు వాడే ఇంటికి అమ్మేవాళ్ళు ఈ సంగతి ముందే చెప్పాలి. చెప్పరు.

బకిల్ గట్టిగా ఉండటం తయారీ లోపం కాకపోవచ్చు. నియమం ప్రకారం ఆ ఎర్ర బటన్ 40 న్యూటన్ల కంటే తక్కువ బలానికి తెరుచుకోకూడదు, 80 న్యూటన్లు మించకూడదు. అంటే దాదాపు 4 నుంచి 8 కిలోల బరువు పెట్టి నొక్కాలి. పిల్లలు వాళ్ళంతట వాళ్ళు తీసేయకూడదనే ఆ ఏర్పాటు. అయితే చాలామంది పట్టీలు బిగుతుగా ఉండగానే బటన్ నొక్కుతారు, అప్పుడు ఇంకా మొరాయిస్తుంది. ముందు పట్టీలు వదులు చేయండి, ఆ తర్వాత బొటనవేలితో బటన్‌ను వాలుగా కాకుండా సూటిగా లోపలికి నొక్కండి. పెట్టేటప్పుడు పట్టీల చివరనున్న ఎడమ నాలుకనూ కుడి నాలుకనూ ముందు చేతిలోనే కలిపి, రెండింటినీ ఒకేసారి లోపలికి నెట్టాలి. విడివిడిగా పెడితే పట్టుకోదు. బొరుగులు, బిస్కెట్ పొడి బకిల్‌లోకి దూరినా ఇదే తంటా. గోరువెచ్చని నీళ్ళు పోసి కడిగి, బాగా ఆరనివ్వండి. కొబ్బరినూనె, కుట్టు మిషన్ నూనె ఏవీ వేయకండి, దుమ్ము అంటుకుని ఇంకా పాడవుతుంది. ఇంత చేశాక కూడా రాకపోతే, లేదా ఒకసారి క్లిక్‌మని ఇంకోసారి అనకపోతే, అది లోపమే. కంపెనీని కొత్త బకిల్ అడగండి. మీ అత్తగారికి బకిల్ తీయడం రాదన్నారు కదా, అది చిన్న విషయం కాదు. కారులో ప్రయాణించే పెద్దవాళ్ళందరికీ దాన్ని తీయడం వచ్చి ఉండాలి. కారు ఇంటి ముందు ఆగి ఉన్నప్పుడు, పాప సీటులో లేనప్పుడు, ఆమె చేత నిదానంగా అలవాటు చేయించండి.

పట్టీలు వదులు కాకపోవడానికి కారణం మీరు లాగే చోటు కావచ్చు. భుజాల దగ్గర ఉన్న మెత్తలను పట్టుకుని లాగితే పట్టీ రాదు, ఎందుకంటే ఆ మెత్తలు వెనకవైపు పిల్లల సీటుకే కట్టి ఉంటాయి. ముందు అంచున గుడ్డ కింద ఉన్న మీటను ఒక చేత్తో నొక్కి పట్టుకుని, రెండో చేతిని మెత్తల కింద దూర్చి అసలు పట్టీలు రెండింటినీ కలిపి లాగండి. అప్పటికీ రాకపోతే సీటు వెనక వైపు చూడండి, పట్టీ ఎక్కడో మెలి పడి ఉంటుంది. బిగించేటప్పుడు ముందు నడుము దగ్గరున్న వదులును పైకి లాగి, ఆ తర్వాతే ముందున్న తోకను లాగాలి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో నిలువునా గిల్లి చూడండి. మడత చేతికి వచ్చిందంటే ఇంకా వదులుందని అర్థం.

పాప చేతులు బయటికి లాగేయడానికి చాలాసార్లు కారణం ఈ వదులే. ఇంకో కారణం పట్టీల ఎత్తు. వెనక్కి తిరిగి కూర్చున్నప్పుడు పట్టీలు భుజాల ఎత్తులోగానీ కాస్త కిందగానీ మొదలవ్వాలి, ముందుకు తిరిగినప్పుడు భుజాల ఎత్తులోగానీ కాస్త పైనగానీ. మీ మోడల్‌లో తల దగ్గరి దిండును పైకీ కిందికీ జరిపితే పట్టీలూ దానితోపాటే జరుగుతాయి. పిల్లలు పెరిగే వయసు కదా, అప్పుడప్పుడు చూసుకోవాలి. రెండు పట్టీలను ఛాతీ దగ్గర కలిపి ఉంచే క్లిప్పులు విడిగా అమ్ముతారు. సీటుతో వచ్చినవి కాకపోతే వాటి జోలికి పోకండి.

సీటు ఊగడం గురించి మీరు ఒక్క ముక్కలో రాశారు కానీ, నాకు అనుమానం వచ్చింది మీ కారు సీటు కవర్ల మీద. మన దగ్గర కారు కొనగానే మందపాటి రెక్సిన్ కవర్లు కుట్టించేస్తాం, కింద మెత్తటి మ్యాట్లు వేయించేస్తాం. ఆ కవరు ఐసోఫిక్స్ కడ్డీలను మూసేస్తుంది. కొక్కెం సగమే పట్టుకుని ఆగిపోతుంది. కడ్డీలున్న చోట కవరుకు చీలిక పెట్టించి అంచులు కుట్టించండి, కవర్లు వేసిన షాపువాళ్ళే చేస్తారు. తర్వాత కొక్కేలను నెడితే రెండువైపులా క్లిక్ వినబడాలి, రెండు గుర్తులూ ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారాలి. కింది కాలు మెత్తటి మ్యాట్ మీద ఆని ఉంటే అది ఆనినట్టు కాదు. ఆ చోట మ్యాట్ తీసేసి, కాలు కారు నేలకే గట్టిగా తగిలేలా పొడవు సరిచేయండి. ఇవన్నీ చేశాక సీటు మొదలు దగ్గర పట్టుకుని అటూఇటూ కదిపి చూడండి. అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. తలవైపు పట్టుకుని ఊపి చూసి భయపడకండి, వెనక్కి తిరిగి ఉన్న సీటు అక్కడ కొంత ఊగుతుంది. తిప్పిన ప్రతిసారీ సీటు లాక్ అయిందో లేదో చూశాకే బండి కదలాలి.

చోటు చాలకపోవడానికి నా దగ్గరున్న ఉపాయం ఒకటే. అత్తగారిని ముందు సీటులో బెల్టు పెట్టించి కూర్చోబెట్టండి, పిల్లలిద్దరి మధ్య మీరు కూర్చోండి. పాప సీటు ఎడమవైపు ఉంటే రోడ్డు అంచు వైపే తలుపు తీసి ఎక్కించుకోవచ్చు, వెనకనుంచి వచ్చే లారీలకు మీరు అడ్డం కారు. చోటు లేదని పాప సీటును ముందుకు మాత్రం తేవద్దు. వెనక్కి తిరిగిన సీటుకు ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ప్రాణానికే ప్రమాదం. పెద్దవాడికి ఆరేళ్ళే కాబట్టి వాడికి వీపు ఉన్న బూస్టర్ (పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు) ఉండాలి, లేకపోతే కారు బెల్టు మెడ మీదా పొట్ట మీదా పడుతుంది.

పాపను ముందుకు తిప్పేస్తే ఏడుపు తగ్గుతుందేమోనని మీకు అనిపించి ఉంటుంది. ఇరవై నెలలు నిండాయి కాబట్టి నియమం ఒప్పుకుంటుంది. అయినా తొందరపడవద్దనే నా సలహా. ఈ వయసులో తల బరువెక్కువ, మెడ లేత. కారు ఎదురుగా దేన్నైనా గుద్దుకుంటే వెనక్కి తిరిగిన పాప వీపంతా సీటు మీద ఆనుతుంది, మెడ ఒక్కదాని మీదే బలం పడదు. ఇంట్లో గోడకు నిలబెట్టి పొడవు కొలవండి. ఈ రకం సీట్లు చాలావరకు 105 సెంటీమీటర్ల దాకా వెనక్కి తిప్పి వాడుకునేవే. మీ మాన్యువల్‌లో ఉన్న హద్దు దాటేదాకా అలాగే ఉంచండి. కాళ్ళు ముడుచుకుంటున్నాయని బెంగ వద్దు, పిల్లలు వాటిని మడిచి హాయిగానే కూర్చుంటారు.

మన ఎండల్లో చెమట గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఐరోపా చలికి తయారైన మెత్తలు అనంతపురం ఏప్రిల్‌కు ఎక్కడ సరిపోతాయి? ఎండలో మూసి ఉంచిన కారు లోపల అరగంటలో వేడి 20 డిగ్రీల దాకా పెరుగుతుంది. బకిల్ ఇనుము చిన్నపిల్లల తొడలకు చురుక్కున కాలుతుంది. కారు నిలిపినప్పుడు సీటు మీద తెల్లటి పాత పంచె కప్పి ఉంచండి, పాపను కూర్చోబెట్టేటప్పుడు తీసేయండి. ఎక్కించేముందు తలుపులు తీసి వేడి పోనిచ్చి, కాసేపు ఏసీ వేయండి. పల్చటి నూలు బట్టలు వేయండి. వీపు కింద తువ్వాలు, జెల్ దిండు, విడిగా కొన్న మెత్త ఏదీ పెట్టకండి, వాటివల్ల పట్టీలు బిగుతుగా ఉన్నట్టు మోసం చేస్తాయి. ఏటీఎం దగ్గర ఒక్క నిమిషమే కదా అని పిల్లల్ని కారులో వదిలి దిగడం కూడా వద్దు.

బెంగళూరు దారిలో పాప రెండు గంటలకు మించి సీటులోనే ఉండకుండా చూసుకోండి. పెనుకొండ దగ్గర ఒకసారి, కొడికొండ చెక్‌పోస్టు దాటాక ఇంకోసారి ఆపి దించి తిప్పండి. మధ్యలో ఎంత ఏడ్చినా నడుస్తున్న కారులో పట్టీలు తీయకండి. ఆపే చోటు చూసుకుని ఆపాకే తీయండి. ఒక్కసారి ఏడిస్తే ఒళ్ళోకి వస్తానని తెలిసిందంటే ప్రతిసారీ అదే చేస్తుంది. దారిలో తినడానికి వేయించిన చెనిక్కాయలు మాత్రం ఇవ్వకండి. మన ఇళ్ళల్లో అది మామూలే, కానీ కుదుపుల్లో ఈ వయసు పిల్లల గొంతుకు అడ్డం పడితే కారులో చూసుకోవడం చాలా కష్టం.

అత్తగారి మాటకు కోపగించుకోవద్దు. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం ఆమెకు ప్రేమ. ఆమెకు చట్టం గురించి చెప్పి లాభం లేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 194బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. "ఎవరు ఆపుతారు?" అంటారు, అంతే. బరువు లెక్క చెప్పండి. కారు యాభై కిలోమీటర్ల వేగంతో పోతూ దేన్నైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకుందాం. పన్నెండు కిలోల పాపను ఆపి పట్టుకోవడానికి ఆ క్షణంలో దాదాపు 170 కిలోలు మోసేంత బలం కావాలి. యాభై కిలోల బియ్యం మూటలు మూడింటికంటే ఎక్కువ. ఏ జేజి చేతులైనా, ఏ తండ్రి చేతులైనా దాన్ని పట్టుకోలేవు. మీ ప్రయాణం జాతీయ రహదారి 44 మీద, అక్కడ వేగం దీనికి రెండింతలు ఉంటుంది. వేగం రెండింతలైతే దెబ్బలోని శక్తి నాలుగింతలు. ఇది మీరు కాకుండా మీ ఆయన చెబితే ఇంకా మంచిది, ఆయన తల్లి కదా.

అమ్మేయాలా అన్నదానికి నా జవాబు: ముందు అమ్మకండి. సీటు కవర్లు, మ్యాట్, పట్టీల ఎత్తు సరిచేసి ఒకసారి బెంగళూరు వెళ్ళి రండి. మీ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అక్కడే తీరుతుందని నా నమ్మకం. కొక్కేలు పూర్తిగా పట్టకపోయినా, కాలు నేలకు ఆనకపోయినా, ఆ సీటు సరిపోయే కార్లంటూ కంపెనీ ఇచ్చే జాబితాలో మీ కారు పేరు లేకపోయినా మాత్రం సర్దుకుపోవద్దు, ఎంత ధర పెట్టినా సరే మార్చేయండి.

అమ్మకం పేజీలో "అన్ని కార్లకూ సరిపోతుంది" అనో, "బెల్టుతో కూడా బిగించవచ్చు" అనో రాసి ఉంటే సంగతి వేరు. రిటర్న్ గడువు దాటినా మీ హక్కు పోదు. ఆ పేజీ ఫొటో తీసి ఉంచుకుని, ముందు కంపెనీకి మెయిల్ రాయండి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే, మీరు బెంగళూరు వెళ్ళక్కర్లేదు, ఇంకెక్కడికీ వెళ్ళక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కమిషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోళ్ళకు ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. బిల్లు, సీటు మీది చీటీ ఫొటో, మీరు రాసిన మెయిళ్ళు అప్పటిదాకా భద్రంగా ఉంచండి.